ఆట మధ్యలో లేచిపోయింది నేనే

ఫోనులో లూడో ఆడేవాళ్ళందరికీ ఒక కోపం ఉంటుంది. నలుగురు చేరి ఆట మొదలుపెడతారు. ఒకడి కాయలు రెండు చచ్చాయంటే చాలు, చెప్పాపెట్టకుండా లేచిపోతాడు. ఎదురుగా కూర్చున్నవాడైతే చొక్కా పట్టుకుని కూర్చోబెట్టొచ్చు. వీడు ఏ ఊళ్ళో ఉన్నాడో, అసలు చొక్కా తొడుక్కున్నాడో లేదో కూడా తెలియదు. తెర మీద వాడి బొమ్మ బూడిదరంగులోకి మారిపోతుంది, అంతే. అలాంటివాళ్ళని మా ఆయన తిట్టే తిట్లు నేనిక్కడ రాయలేను. అవి చెవిన పడిన రోజున నేను దేవుడి దగ్గర రెండు శ్లోకాలు ఎక్కువ చదువుకునేదాన్ని.

అలా తిట్టే మనిషినే ఒక వేసవంతా అందరూ పారిపోయేవాడన్నారు. నేను కూడా అన్నాను. తీరా చూస్తే ఆట మధ్యలో లేచిపోయింది ఆయన కాదు, నేను. నాకు లూడో ఆడటం ఇప్పటికీ రాదు. అయినా నేనే.

మేముండేది కంచరపాలెంలో, రైలు పట్టాలకి దగ్గరగా ఒక రెండంతస్తుల ఇంటి పైవాటాలో. మా ఆయన పోర్టులో క్రేన్ ఆపరేటరుగా చేసి రిటైరయ్యారు. ఆయనది పద్మనాభం దగ్గర పల్లె. మా నాన్నగారు గోదావరి జిల్లా నుంచి పోర్టు గుమాస్తాగా ఈ ఊరు వచ్చారు. నేను బడి మొహం చూడలేదు. చిన్నప్పుడు జ్వరం వచ్చి గుండెకి తగిలిందని, పిల్లని ఇంటిపట్టునే ఉంచండని డాక్టరు చెప్పాడు. నాన్నగారు డ్యూటీ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని, పేపర్లో ఏ ఓడ ఏ బెర్తుకి వచ్చిందో రాసే మూల చూపించి నాచేత చదివించేవారు. నాయనమ్మ స్తోత్రాలు పట్టించేది. అలా నాకు ఓడల పేర్లూ దేవుళ్ళ పేర్లూ ఒకేసారి వచ్చాయి. ఆ జ్వరానికి నేనిప్పటికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను. అది రాకపోతే నాన్నగారి పక్కన అన్ని సాయంత్రాలు కూర్చునే భాగ్యం నాకెక్కడిది?

భగవంతుడు నాకు ఏ లోటూ చేయలేదు. ఉన్న వెలితల్లా ఒకటే. మా ఆయనకి భక్తి లేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నా దేవుడి గూట్లో చెయ్యి పెట్టిందల్లా అగ్గిపెట్టె కోసమే.

ఇక అన్నయ్య సంగతి చెప్పాలి. మా ఆడపడుచు భర్తని నేను అన్నయ్యా అంటాను, ఆయన నన్ను సెల్లెమ్మా అంటారు. స్టీల్ ప్లాంటులో రోలింగ్ మిల్లులో చేశారు. ఇప్పుడు తగరపువలసలో కొడుకూ కోడలి దగ్గరుంటున్నారు. నిరుడు కార్తీకంలో మా ఆడపడుచు పోయింది. ఆ తర్వాత ఆ మనిషి మాట్లాడటం మానేశారు. వీధి అరుగు మీద కుర్చీ వేసుకుని హైవే మీద పోయే లారీల్ని చూస్తూ కూర్చునేవారు. అన్నం పెడితే తినేవారు, పెట్టకపోతే అడిగేవారు కాదు. కోడలు బంగారుతల్లి. ఏం చేసినా మాట పెగలకపోతే, చివరికి ఆయన ఫోనులో లూడో పెట్టి, మా ఆయన ఫోనుకి కబురు పంపి, ఇద్దరినీ ఒక జట్టుగా కూర్చోబెట్టింది. ఎదటి జట్టులో ఎవరో ముక్కూమొహం తెలియని ఇద్దరు.

వారం తిరగకుండా అన్నయ్యకి నోరొచ్చింది. రోజూ ఆట అయ్యాక ఫోన్ చేసేవారు. మా ఆయన స్పీకర్లో పెట్టేవారు. వీధి చివరి ఇస్త్రీ బండికి కూడా వినిపించేది.

"బావా, నీ ఎర్ర కాయ అక్కడేటి సేత్తన్నాది? పెల్లికొచ్చినాదేటి, కదల్దు?"

"ఆరు పడాల గదా బావా."

"ఆరు పడాలంటే గట్టిగా నొక్కాల. నువ్వు క్రేన్ లివర్ లాగ మెల్లగా నొక్కుతున్నావు. అందుకే ఒకటి పడతాది."

"గట్టిగా నొక్కితే అద్దం పగిల్తాది."

"పగల్నీ. ఆరైతే పడతాది గదా!"

నాకు ఆ ఆట అర్థం కాకపోయినా ఆ గొంతు వింటే కడుపు నిండిపోయేది. తల్లీ, నీ దయ, అనుకుంటూ కూర తరుక్కునేదాన్ని.

ఇంతలో ఇంకో అద్భుతం జరిగింది. వాళ్ళ ఆట ఆరు గంటలకి మొదలవుతుంది. నేను దీపం పెట్టేది ఆరున్నరకి. ఒకరోజు ఒత్తులు చేసుకుని హాల్లోకి వచ్చేసరికి, మా ఆయన కుర్చీలో నిటారుగా కూర్చుని, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని ఉన్నారు. మొహంలో ఎంత ప్రశాంతత! ఊపిరి కూడా లయగా ఆడుతోంది. నాకు ఒళ్ళు జలదరించింది. సంధ్యవేళ మా ఇంట్లో మా ఆయన ధ్యానం! వాళ్ళక్క పోయిన దుఃఖం మనిషిని లోపలికి తిప్పింది అనుకున్నాను. కొందరికి భక్తి అలాగే వస్తుందని విన్నాను.

అయితే ఆయన పక్కన స్టూలు మీద ఆ పాడు ఫోను. అందులోంచి "టప్, టప్" అని చప్పుళ్ళు. ఆటలో పక్కవాడు పందెం వేయటం ఆలస్యం చేస్తే వాడి బొమ్మ మీదకి టమాటాలూ కోడిగుడ్లూ విసరొచ్చునట. అన్నయ్య విసురుతున్నారు. ఒక మనిషి ఈశ్వరుడి దగ్గరకి వెళ్ళబోతుంటే టమాటాలేమిటి? నేను పిల్లిలా వెళ్ళి ఫోను తీసుకున్నాను. పైన మూలగా ఇంటూ గుర్తు ఉంది, నొక్కాను. ఇంగ్లీషులో ఏదో అడిగింది, కింద రెండు గడులు, ఒకటి ఎరుపు, ఒకటి పచ్చ. పచ్చలైటు పడితే ఓడ లోపలికి రావచ్చని నాన్నగారు చెప్పారు. పచ్చ నొక్కాను. చప్పుడు ఆగిపోయింది. ఫోను మళ్ళీ స్టూలు మీద బోర్లా పెట్టి, దీపం వెలిగించి, గంట కొట్టాను. గంటకి ఆయన మెల్లగా కళ్ళు తెరిచారు. నేను చూడనట్టే ఉన్నాను. కొత్త భక్తి కదా, పలకరిస్తే సిగ్గుపడి మానేస్తారేమోనని.

అప్పటినుంచి వారంలో నాలుగైదు రోజులు ఇదే వరస. ఆయన కళ్ళు మూసుకోవడం, నేను పచ్చ నొక్కడం, గంట కొట్టడం. టీవీ కట్టేసి మళ్ళీ పెడితే వార్తలు వస్తూనే ఉంటాయి కదా, ఆట కూడా అలాగే ఎక్కడో జరుగుతూ ఉంటుందని నా నమ్మకం. ప్రతి శుక్రవారం అమ్మవారికి రెండు మందారాలు ఎక్కువ పెట్టేదాన్ని, మా ఆయన్ని ఒడ్డున పడేసినందుకు.

అవతల తగరపువలసలో మాత్రం ఆరున్నర అయ్యేసరికి మా ఆయన బొమ్మ బూడిదైపోయేది. అన్నయ్య ఒక్కరే మిగిలి ఇద్దరితో ఆడేవారు. ఫోనులో కబుర్లు మెల్లగా దెబ్బలాటల్లోకి దిగాయి.

"ఏటి బావా, మల్లీ ఎల్లిపోనావు?"

"నానెక్కడికెల్లినాను? నెట్టు పోనాది."

"మీ ఎదురు మేడ మీద టవరెట్టుకుని నెట్టు పోనాదంటావేటి? సిగ్గుండాల."

"నిజవే బావా."

"నా మూడు కాయలు పండినాయి నిన్న. నువ్వు ఒక్క కాయ తెస్తే గెలిసిపోదుం. సచ్చిపోతానన్న బయంతో ఎల్లిపోతావా? ఆటలో సచ్చిపోతే పాడె కడతారేటి?"

మా ఆయన నెట్టు అనే అన్నారు. నేను వంటింట్లోంచి వింటూ, పాపం ఆయన తప్పే అనుకున్నాను. ఓడిపోతామంటే ఉక్రోషం వచ్చే మనిషేనని నాకూ తెలుసు. పొద్దున నడకలో పక్కవాళ్ళు దాటిపోతే చెప్పులో రాయి పడిందని ఆగిపోతారు. అందుకని నేనూ బుద్ధి చెప్పబోయాను.

"ఏవండీ, వ్రతకథ మొదలుపెట్టాక ప్రసాదం చేతిలో పడేదాకా ఎవరూ లేవకూడదు. లేచినవాళ్ళకి ఏమైందో కథలోనే ఉంది. ఆటయినా అంతే. కూర్చున్నాక చివరిదాకా కూర్చోవాలి."

"లూడోలో పెసాదం ఎవుడు పెడతాడే?"

"వేళాకోళం కాదు. అన్నయ్య మొహం చూసైనా ఉండండి."

"నాను ఉంటనే ఉన్నానే తల్లీ!" అని ఆయన నెత్తి కొట్టుకున్నారు. నేను నమ్మలేదు. పసుపు రాసిన తోరం ఒకటి కుడిచేతికి కట్టాను, కట్టుకున్నాక మధ్యలో లేవకూడదని చెప్పి. ఆ సాయంత్రం ఆయన తోరం కట్టుకుని, కళ్ళు మూసుకుని కూర్చున్నారు. తోరం మహిమ చూడు అని మురిసిపోతూ నేను పచ్చ నొక్కాను.

ఆటవాళ్ళు కూడా ఊరుకోలేదు. మీరు చాలాసార్లు మధ్యలో వెళ్ళిపోయారు కనుక కొన్నాళ్ళు జట్టు ఆట లేదు అని తాకీదు పంపారు. ఆయన అది పట్టుకుని ఇల్లంతా తిరిగారు. "సర్వీసంతా సేసినాను. ఒక్క మెమో తినలేదు. రిటైరయ్యేక లూడో వోడు ఇచ్చినాడే నాకు మెమో!"

ఆ రోజే అన్నయ్య చివరిసారి ఫోన్ చేశారు. ఈసారి అరవలేదు.

"బావా, ఇంక నాను ఆడను. ఒగ్గీసి ఎల్లిపోయినోల్లు నాకు సాలు."

పెట్టేశారు. మా ఆయన ఫోను చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డారు. ఆ మాట లూడో గురించి కాదని మా ఇద్దరికీ తెలుసు.

వారం గడిచింది, రెండు వారాలు గడిచాయి. ఇటు నుంచి చేస్తే ఫోను కలవదు. కోడలికి చేశాను.

"మావయ్య మల్లీ అరుగెక్కేసినారు అత్తా. ఫోను కట్టీసి బీరువాలో ఎట్టీసినారు. నిన్నటికి నిన్న సారులో ఉప్పు లేదు. ఒక్క మాటనలేదు. లూడో ఆడినప్పుడైతే ఉప్పు తక్కువైతే గిన్నెతో సహా నా మీదికొచ్చీవోరు." ఆ పిల్ల తిట్లు తినలేక కాదు, తిట్లు లేక ఏడుస్తోంది.

"ఇక్కడ మా ఆయన మారిపోయారమ్మా," అన్నాను నేను. "రోజూ ధ్యానం చేస్తున్నారు. ఆయన పారిపోయేంత చెడ్డవారు కాదు."

"ఎప్పుడు సేత్తన్నారు అత్తా?"

"సంధ్య దీపం వేళకి. ఆరున్నరకి."

ఆ పిల్ల ఏడుపు ఆపింది. "అత్తా, మీ ఇంటి మావయ్య బొమ్మ రోజూ ఆరున్నరకే పోతాది. నెట్టు పోతే అయిదుకోసారి, ఏడుకోసారి పోవాల గదా? ఆ టయానికి ఫోను ఎవరి సేతిలో ఉంటాది?"

నా చేతిలో. కుడిచేతిలో. నాకు పొయ్యి మీద పాలు కూడా గుర్తు రాలేదు. "ఇంటూ నొక్కి పచ్చది నొక్కితే ఆట ఏమవుతుందమ్మా?" అని అడిగాను. ఆ పిల్ల చెప్పింది. ఇంగ్లీషులో అది అడిగేది, మీరు నిజంగా వెళ్ళిపోతారా అని. పచ్చ అంటే, ఔను.

మా ఆయన బాల్కనీలో గోళ్ళు తీసుకుంటున్నారు. ఎదురుగా కూర్చున్నాను.

"ఏవండీ, నేనొక పాపం చేశాను. మీరు ధ్యానంలో ఉన్నప్పుడు..."

"దేనవేటి?"

"అదే, రోజూ దీపం వేళకి కళ్ళు మూసుకుని..."

ఆయన గోళ్ళ కత్తెర కింద పెట్టారు. నావైపు చూశారు. అటూ ఇటూ చూశారు. గొంతు బాగా తగ్గించి, "దేనం కాదే. కునుకు," అన్నారు. "అవతలోల్లు పందెం ఎయ్యడానికి యుగాలు తీసుకుంటారు. క్రేన్ కేబిన్లో ట్రక్కు ట్రక్కుకీ మద్దిన కాసేపు కల్లు మూసుకోడం అలవాటు. అలగే పోతాది."

నా రెండు మందారాలు, నా ఒళ్ళు జలదరింపు, అమ్మవారికి నేను చెప్పుకున్న కృతజ్ఞతలు అన్నీ ఒక్క కునుకు మీద కూర్చున్నాయన్నమాట. దీపాల వేళ ఇంట్లో మనిషి నిద్రపోతుంటే, నేను నిద్ర పాడవకుండా టమాటాలు ఆపి మరీ జోకొట్టాను. ముందు ఏడుపొచ్చింది, వెంటనే నవ్వొచ్చింది. రెండూ ఒకేసారి చేశాను. నేనేం చేశానో చెబితే ఆయన నోరు తెరిచారు. తిడతారనుకున్నాను. తిట్టలేదు. పైగా, "బావకి సెప్పకు," అన్నారు.

"చెప్పకపోతే ఎలాగండీ? మీరు పారిపోలేదని తెలియాలి కదా."

"పారిపోనాడనుకున్నా పర్లేదు. కుర్సీలో తొంగున్నాడని తెలిసిందా, అయిపోనాను. క్రేన్ వోడికి అంతకన్నా నామర్దా ఉంటాదేటి?"

ఆయన్ని చూస్తే జాలేసింది. కానీ అరుగు మీద ఒంటరిగా కూర్చున్న మనిషి కూడా నా కళ్ళ ముందు ఉన్నారు. మర్నాడు మధ్యాహ్నం పులిహోర కలిపి, స్టీలు డబ్బాలో పెట్టి, ఇద్దరం తగరపువలస బస్సెక్కాం. దారి పొడుగునా ఆయన నాకు పాఠం చెప్పారు.

"సెయ్యి తగిలి కట్టయిపోనాదని సెప్పు."

"నేను అబద్ధం చెప్పను."

"అబద్దవెక్కడిదే? సెయ్యే గదా తగిలినాది! కాలు తగిల్నాదని సెప్పమన్నానా?"

అన్నయ్య అరుగు మీదే ఉన్నారు. మమ్మల్ని చూసి కుర్చీ కాస్త పక్కకి జరిపారు. రండి అనలేదు. కోడలు మంచినీళ్ళు ఇచ్చి వంటింట్లోకి వెళ్ళింది. నేను డబ్బా కింద పెట్టాను.

"అన్నయ్యా, మీ బావ ఆట వదిలి పారిపోలేదు. రోజూ ఆరున్నరకి ఆ ఆట మూసేసింది నేను. మీ బావకి కూడా తెలియదు. తప్పు నాది, క్షమించండి."

లారీలు చూస్తున్న మనిషి నావైపు తిరిగారు. "నువ్వా సెల్లెమ్మా? ఎందుకు?"

"ఆయన ధ్యానంలో ఉన్నారనుకున్నాను. చప్పుడెందుకని."

"ఎవులు?"

"మీ బావ."

అన్నయ్య మా ఆయన్ని నెత్తి నుంచి పాదాల దాకా చూశారు. పాదాల నుంచి మళ్ళీ నెత్తి దాకా చూశారు. "బావా, దేనం సేత్తన్నావేటి నువ్వు?"

నేను అబద్ధమాడలేదు, అలా అనుకున్న మాట నిజమే. ఆయన ఔనంటే గౌరవంగా బయటపడిపోతారు. మా ఆయన హైవే వైపు చూస్తూ, "ఊఁ," అన్నారు.

"ఏ దేవుడ్ని?"

"...అందర్నీ."

"అందర్నీ ఒక్కసారే తలుసుకుంటన్నావా? నాను డజను టమాటాలు ఇసిరినా కదల్లేదు నువ్వు."

మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. కాలితో అరుగు గచ్చు మీద గీతలు గీశారు. చివరికి, గట్టిగా, లోపలి గదిలో దేవుడికి కూడా వినబడేలా అన్నారు: "తొంగున్నాను బావా. కుర్సీలో. రోజూ."

అన్నయ్య మొహం ముందు ఏమీ మారలేదు. తర్వాత పొట్ట కదిలింది. తర్వాత భుజాలు. ఆ నవ్వు బయటికి వచ్చేసరికి కోడలు గరిటతో సహా పరిగెత్తుకొచ్చింది, మావయ్యకి ఏమైందోనని. మా ఆడపడుచు పోయాక ఆ ఇంట్లో ఆ చప్పుడు లేదు.

"కూకుని తొంగున్నావా బావా! నెట్టు పోనాది, నెట్టు పోనాదని... పోనాది నెట్టు కాదు, నువ్వు!" కళ్ళు తుడుచుకుని, కాసేపటికి ఆయనే నెమ్మదించారు. "మా మిల్లులో ఒక రూలు. రిలీవర్ వచ్చీదాకా కుర్సీ ఒగ్గకూడదు. కుర్సీ ఒగ్గీసినోడ్ని ఎవులూ నమ్మరు. తొంగున్నోడ్ని తిడతాం, లేపుతాం, టీ తాగిత్తాం. ఆడు కుర్సీలోనే ఉన్నాడు గదా, ఎక్కడికీ ఎల్లలేదు గదా."

మా ఆయన వెళ్ళి అన్నయ్య పక్కన కూర్చున్నారు.

"పాపా, ఆ బీరువాలో ఫోను తే," అన్నారు అన్నయ్య. కోడలు తెచ్చింది. రెండు వారాలు చీకట్లో పడున్న ఫోను, ప్రాణం లేదు. అరుగు మీదకి తీగ లాగి చార్జింగు పెట్టారు. "కాసేపు పడతాది. మీరు బస్సని, గిస్సని లెగకండి. కూకోండి."

కూర్చున్నాం. పులిహోర తిన్నాం. అన్నయ్య ఇంకో ముద్ద తీసుకుంటూ, ఎవరూ అడగకుండానే మొదలుపెట్టారు.

"మీ ఆడపడుసు ఇలగే, ఓడిపోతే ఆట సాగనిచ్చీది కాదు. కొత్తలో గవ్వలు ఏసి ఆడీవోల్లం. నాను గెలత్తన్నానని తెలిసిందా, గవ్వలు నాలుగూ తీసి నూతిలో ఇసిరీసేది. పోయి పట్టుకురా, అప్పుడాడదాం, అనీది."

"నూతిలోంచి తెచ్చీవోడివా బావా?"

"తెచ్చీవోడినేటి! మా నూతిలో నీలకన్నా గవ్వలెక్కువ. సంత సంతకీ కొత్త గవ్వలు కొన్నాను..."

మా ఆడపడుచు పోయాక ఆయన నోట ఆవిడ మాట రావడం అదే మొదలు. మా ఆయన అలవాటుగా కూడా కళ్ళు మూయలేదు. పొద్దు వాలింది. ఆరున్నర అయి ఉంటుంది. లోపల గంట వినిపించింది, కోడలు దీపం పెట్టినట్టుంది. చెయ్యి ఎంగిలిగా ఉంది నాకు. లేచి కడుక్కుని లోపలికి వెళ్ళి దణ్ణం పెట్టుకోవాలి. కానీ అన్నయ్య అప్పుడే, పెళ్ళయిన రెండో ఏడు ఆవిడ గవ్వలతో పాటు పొరపాటున తన ముక్కుపుడక కూడా ఎలా విసిరేసిందో చెబుతున్నారు. నేను లేవలేదు. దేవుడు ఏమీ అనుకోడని నాకు తెలుసు.

చార్జింగు ఎప్పుడో నిండిపోయింది. ఫోను ఎవరం తీయలేదు.